రాయి నిలవాలంటే సున్నం అరగాలి

పాత ఇంటికి మరమ్మతు చేయించినవాళ్లకు ఈ తంతు తెలిసిందే. తాతల నాటి సున్నపు గోడ అడుగున కాస్త పెళ్లలూడుతోందని మేస్త్రీని పిలుస్తాం. ఆయన పాత సున్నమంతా చెక్కేసి, నేలనుంచి మూడడుగుల మేర సిమెంటు పూసి, పైన రంగు కొట్టి వెళ్తాడు. రెండు వానాకాలాలు బాగానే గడుస్తాయి. మూడో ఏడు సిమెంటు పూసిన చోట కాకుండా సరిగ్గా దానిపైన, అప్పటిదాకా ఏ జబ్బూ లేని చోట, చెమ్మ కనబడుతుంది. రంగు పొక్కులు లేస్తుంది. వేలితో తడిమితే తెల్లటి పొడి రాలుతుంది. సిమెంటు పాళ్లు సరిగ్గా కలపలేదని మేస్త్రీని తిట్టుకుని, ఈసారి ఇంకో రెండడుగులు పైదాకా పూయిస్తాం. చెమ్మ కూడా ఇంకో రెండడుగులు పైకెక్కుతుంది.

యూరప్‌లో ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాతి ఇళ్లకు కూడా ఇదే జబ్బు పట్టింది. యుద్ధాలనూ విప్లవాలనూ మంచునూ తట్టుకున్న గోడలు, 20వ శతాబ్దంలో మంచి మనసుతో చేసిన మరమ్మతుకు పొడిపొడి అయ్యాయి. ఎందుకో తెలుసుకోవాలంటే ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊరికి వెళ్లాలి.

మహా చర్చి పోయింది, అంగళ్లు మిగిలాయి

ఫ్రాన్స్‌లో తూర్పు వైపున్న బర్గండీలో క్లూనీ ఉంది. 910లో అక్విటేన్ ప్రభువు విలియం అక్కడ క్రైస్తవ సన్యాసులకు ఒక మఠం పెట్టించాడు. రెండు శతాబ్దాలు తిరిగేసరికి దాని శాఖలు యూరప్ అంతా పాకాయి. 1088లో పునాది వేసి కట్టిన మూడో చర్చి పొడవు దాదాపు 187 మీటర్లు. రోములో సెయింట్ పీటర్స్ చర్చిని తిరిగి కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అంత పెద్దది ఇంకొకటి లేదు.

ఫ్రెంచి విప్లవం తర్వాత, 1798లో, ఆ చర్చిని అమ్మేశారు. కొన్నవాళ్లకు కావలసింది రాళ్లు. 1823 దాకా దాన్ని విప్పుతూనే ఉన్నారు. ఆ రాళ్లలో కొన్ని అక్కడే నెపోలియన్ కాలంలో కట్టిన గుర్రపుశాల గోడల్లోకి చేరాయి. ఇవాళ ఆ చర్చిలో పదో వంతు కంటే ఎక్కువ మిగల్లేదు.

మఠాన్ని నమ్ముకుని దాని చుట్టూ వెలసిన వర్తకుల ఇళ్లు మాత్రం నిలిచాయి. ఈ ఊళ్లో 12, 13 శతాబ్దాల ఇళ్ల ఆనవాళ్లు వందకు పైగా ఉన్నాయి. పియర్ గరిగూ గ్రాన్‌షాన్, మరో ముగ్గురు పరిశోధకులు వీటిని ఇల్లిల్లూ కొలిచి 1997లో ఒక పుస్తకంగా తెచ్చారు. చర్చిని ఎవరూ వాడుకోలేకపోయారు, అందుకే అది రాళ్ల గని అయింది. ఇళ్లలో కాపురాలు సాగాయి, కింద వ్యాపారం సాగింది, కురిసిన చోటల్లా పెంకు మార్చుకున్నారు. మనుషులు వాడుకునే కట్టడమే బతుకుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలోనూ అంతే. అక్కడ 12వ శతాబ్దపు రాతి ఇల్లు ఒకటి 'జ్యూస్ హౌస్' పేరుతో ఏటవాలు వీధి అంచున ఉంది. 1290లో యూదులను ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టిన చరిత్రను ఆ పేరు ఇంకా మోస్తోంది. వీధి వాకిలి మీది చెక్కడపు కమానే మేడమీద పొయ్యి గొట్టాన్ని భుజాన మోస్తుంది. అంటే తలుపు మీదుగా పొగగొట్టం! స్థలం కలిసొచ్చేలా చేసిన ఈ పని చూస్తే ఆనాటి తాపీ మేస్త్రీ మీద ముచ్చటేస్తుంది. ఇటీవలి కాలంలో ఆ ఇంట్లో రెస్టారెంటు నడిచింది.

ఇల్లు ఎలా ఉంటుందంటే

ఈ ఇళ్ల శైలిని రోమనెస్క్ అంటారు. పైన మొన దేలని అర్ధవృత్తపు కమాను, మందపాటి గోడ దీని గుర్తులు. మొనదేలిన గోథిక్ కమాను దీని తర్వాత వచ్చింది.

క్లూనీ ఇంటి ముందు నిలబడ్డారనుకోండి. ముఖం ఇరుకు, లోపలికి పొడవు. నేల అంతస్తులో వెడల్పాటి కమాను ఒకటి ఉంటుంది, అది అంగడి. దాని పక్కనే ఒక మనిషి పట్టేంత సన్నటి తలుపు. అది తీస్తే తిన్నగా పైకి మెట్లు. వెనక చిన్న పెరడు. పై అంతస్తులో ఇంటివాళ్లు ఉండే పెద్ద గది. ఆ గదికి వీధివైపు గోడ లేదన్నట్టే ఉంటుంది. ఎందుకంటే ఈ చివరినుంచి ఆ చివరిదాకా సన్నటి రాతి స్తంభాలు, వాటి మీద చిన్న చిన్న కమాన్లు, మధ్యలో కిటికీలు. ఫ్రెంచివాళ్లు ఈ కిటికీల వరుసను 'క్లేర్‌వ్వా' అంటారు. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి స్తంభం తలమీదా ఆకులో, పూలో, జంతువులో చెక్కి ఉంటాయి.

కింద పెద్ద కమాను ఖాళీ, పైన జల్లెడలాంటి కిటికీలు. మరి ఇంటి బరువంతా ఎక్కడ ఆగుతోంది? పక్క గోడల మీద. ఇరుకు స్థలంలో దూలాలను అడ్డంగా, ఈ పక్క గోడనుంచి ఆ పక్క గోడకు వేస్తారు. వీధి గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు, అందుకే దానికంత సొగసు చెల్లింది. పక్క గోడేమో పొరుగింటితో ఉమ్మడి. వీధి పొడవునా ఇళ్లు భుజం భుజం ఆనించి నిలబడ్డాయన్నమాట.

అందులో ఒక ఇంటిని పడగొడితే రెండు పక్కల గోడలకూ ఆసరా పోతుంది. అంతకాలం లోపల దాగిన నాసిరకం రాళ్ల గోడ మొదటిసారి వానకు తడుస్తుంది. అందుకే ఒక్కో ఇంటిని విడిగా కాపాడితే చాలదని ఫ్రాన్స్ గ్రహించింది. కట్టడాలను రక్షించే చట్టం అక్కడ 1913 నుంచే ఉంది. కాని వీధులను, పేటలను మొత్తంగా రక్షిత ప్రాంతంగా ప్రకటించే వీలు 1962లో, సాంస్కృతిక శాఖ మంత్రి ఆంద్రే మల్రో పేరుతో పిలిచే చట్టం ద్వారా వచ్చింది.

---

బాక్స్: దూలం చెప్పే పుట్టినతేదీ

ఇంటి మీద తేదీ చెక్కి లేదు, కట్టినట్టు కాగితం లేదు. మరి ఫలానా శతాబ్దమని ఎలా చెబుతారు? దూలాన్ని అడుగుతారు.

ఓక్ చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. మంచి వానలు పడ్డ ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఒక ప్రాంతంలోని చెట్లన్నీ ఒకే వాన, ఒకే కరువు చూస్తాయి కాబట్టి వలయాల వరుస అన్నింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బతికున్న చెట్టు వలయాలతో మొదలుపెట్టి, దాని చిన్ననాటి వలయాలను పాత ఇంటి దూలం చివరి వలయాలతో జత చూసుకుంటూ, ఇంకా పాత దూలానికి వెళ్తూ, వందల ఏళ్ల వెనక్కి ఒక పంచాంగం తయారు చేస్తారు. దారి చూపినవాడు అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏ. ఇ. డగ్లస్.

దూలంలోంచి పెన్సిలు మందాన ఒక కడ్డీ తీసి ఆ పంచాంగంతో సరిచూస్తారు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు నరికిన సంవత్సరం, ఒక్కోసారి ఋతువు కూడా తెలుస్తుంది. ఆ రోజుల్లో ఓక్‌ను పచ్చిగా ఉండగానే కోసి వాడేవాళ్లు, ఎండితే ఉలి దిగదు. కాబట్టి చెట్టు పడ్డ ఏడాదికో రెండేళ్లకో ఇల్లు లేచినట్టే. ఒక్క చిక్కుంది. కూలిన ఇంటి దూలాన్ని కొత్తింట్లో వాడేసి ఉంటే లెక్క తప్పుతుంది. అందుకని ఒక్క దూలం మాట నమ్మరు.

---

రాయే కాలి, తడిసి, మళ్లీ రాయై

ఇక గోడలోకి వెళ్దాం. ఈ ఇళ్ల రాయి సున్నపురాయి. రాళ్లను కలిపి పట్టుకున్నది సున్నం, ఇసుక కలిపిన అడుసు. రెండూ ఒకే తల్లి బిడ్డలు.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే దానిలోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మేలిరకం రాయి నూరు కిలోలు పెడితే 56 కిలోల కాల్చిన సున్నమే చేతికొస్తుంది, మిగతాదంతా గాలిలో కలిసిందే. ఈ సున్నపు గడ్డల మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. ఇంట్లో సున్నం తడిపిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ వేడి, ఆ చప్పుడు చెప్పనక్కర్లేదు. అలా చల్లారిన మెత్తని ముద్దలో ఇసుక కలిపి రాళ్ల మధ్య పెడతారు. అప్పుడు కథ వెనక్కి తిరుగుతుంది. సున్నం గాల్లోంచి, తాను బట్టీలో వదిలేసిన వాయువునే కొంచెం కొంచెంగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. పైపొర త్వరగా గట్టిపడినా, మందపాటి గోడ నడిమధ్య ఈ మార్పుకు ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇలా తయారైన రాయి బండరాయంత గట్టిది కాదు. నిండా సన్నటి రంధ్రాలు. మెత్తన. చూడ్డానికి ఇవి లోపాల్లా ఉన్నా గోడను కాపాడేవి ఇవే.

ఎండకు గోడ కొద్దిగా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. నేల ఒక పక్క కాస్త దిగుతుంది. మెత్తని సున్నం ఆ కదలికకు సర్దుకుంటుంది. మరీ ఎక్కువైతే వెంట్రుకంత చీలిక పడుతుంది. వాననీరు ఆ చీలికలోకి దిగేటప్పుడు చుట్టూ ఉన్న సున్నాన్ని కొద్దిగా కరిగించి తీసుకెళ్లి, నీరు ఆరేటప్పుడు దాన్ని చీలికలోనే వదిలేస్తుంది. చిన్న గాయమైతే గోడ తనకు తానే మాన్పుకుంటుంది.

నీరు వస్తుంది, ఎటు పోతుంది?

రాతి గోడలోకి నీరు రాకుండా ఎవరూ ఆపలేరు. చూరునుంచి, పునాదినుంచి, లోపలి వంట ఆవిరినుంచి, ఎటో ఒకవైపునుంచి వస్తుంది. నూనెలో వేసిన ఒత్తి నూనెను పైకి లాగినట్టే గోడలోని సన్నటి రంధ్రాలు నేలలోని తడిని పైకి లాగుతాయి. అసలు ప్రశ్న ఆ నీరు ఎటునుంచి బయటికి పోతుందనేదే.

సున్నపు సందులుంటే తేలికదారి అదే. రాయికంటే సున్నంలో రంధ్రాలు ధారాళం కాబట్టి తడి సందుల్లోకి చేరి, అక్కడే ఆవిరై గాల్లో కలుస్తుంది. నీరు ఆవిరవుతుంది గాని అందులో కరిగిన ఉప్పులు ఆవిరి కావు. నేలనుంచి, పాత పశువుల కొట్టాలనుంచి, మరుగుదొడ్ల గుంతలనుంచి వచ్చిన రకరకాల లవణాలు నీరు ఆరిన చోట స్ఫటికాలు కడతాయి. స్ఫటికం పెరిగేటప్పుడు రంధ్రం గోడలను నెడుతుంది. కొన్ని లవణాల నెట్టుడు మరీ మొండిది. సోడియం సల్ఫేట్ పొడిగా ఉన్నప్పటికంటే తడి పీల్చి స్ఫటికమైనప్పుడు మూడింతలకు పైగా ఉబ్బుతుంది. గోడ తడిసి ఆరిన ప్రతిసారీ ఆ ఉబ్బు, తగ్గు మళ్లీ జరుగుతుంది. సున్నపు సందు దానికి తట్టుకోలేక పొడై రాలుతుంది. రాలనివ్వండి! దాని పని అదే. తరానికో రెండు తరాలకో ఒకసారి ఆ పొడి తీసేసి కొత్త సున్నం కూరితే గోడకు ఇంకో ఆయుష్షు. బండి చక్రం అరిగితే పట్టా మారుస్తాం, చక్రం మార్చం కదా.

ఇప్పుడు ఆ సందుల్లో సిమెంటు పెట్టి చూడండి. సిమెంటు గట్టిది, తడిని దాటనివ్వదు. తేలికదారి మూసుకుపోయింది కాబట్టి నీరు రాయిలోంచే బయటికి రావాలి. ఉప్పు స్ఫటికాలు రాయి పైపొరకు కాస్త లోపల కడతాయి. రాయి ముఖం పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. పైగా మామూలు సిమెంటులోనే నీళ్లలో కరిగే లవణాలు కొన్ని ఉంటాయి, అవీ తోడవుతాయి. శీతాకాలంలో లోపల చిక్కిన నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తుంది, ఆ దెబ్బ వేరే. గోడలో దిగిన దూలం కొసలు తడిలో నానతాయి. కలపలో తేమ 20 శాతం దాటితే బూజు తినడానికి సిద్ధం.

ఇలా ముప్ఫై నలభై ఏళ్లు గడిచిన గోడ దగ్గరికెళ్లి చూస్తే చిత్రంగా ఉంటుంది. రాళ్లన్నీ అంగుళం, రెండంగుళాలు లోపలికి తినేసి ఉంటాయి. వాటి చుట్టూ సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా తేనెపట్టు గూళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కాపాడాల్సింది పోయి, కాపాడటానికి పెట్టింది మిగిలింది. మన ఇంటి గోడ మీద చెమ్మ పైకెక్కిన కథా ఇదే. కింద దారి మూసేస్తే నీరు పైకెళ్లి దారి వెతుక్కుంటుంది.

జోసెఫ్ ఆస్ప్డిన్ ఇంగ్లండ్‌లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. క్లూనీ చర్చి విప్పడం ముగిసిన మరుసటి ఏడే! ఆయన తప్పేమీ లేదు. అపార్టుమెంటు పునాదికీ వంతెనకూ సిమెంటుకు సాటి లేదు. తప్పల్లా గట్టిదే మంచిదనే మన నమ్మకంలో ఉంది. సంరక్షణలో పనిచేసే మేస్త్రీలు పాటించే సూత్రం దీనికి తలకిందులు. సందులో పెట్టేది రాయికంటే ఎప్పుడూ మెత్తగానే ఉండాలి.

తోలు ఒలిచిన గోడలు

సిమెంటు ఒక్కటే శత్రువు కాదు, ప్రేమ కూడా. ఫ్రాన్స్ దక్షిణాన సెయింట్ ఆంతొనాన్ నోబ్ల్ వాల్ అనే ఊళ్లో 12వ శతాబ్దపు రోమనెస్క్ ఇల్లు ఉంది, పాతకాలపు పురపాలక భవనం. 19వ శతాబ్దంలో దాన్ని బాగుచేసిన వియొలే ల డ్యూక్ మహా పండితుడే, మధ్యయుగపు కట్టడాల గురించి ఆయనంత తెలిసినవాడు అప్పట్లో లేడు. అయినా ఇటలీ తరహా బురుజు ఒకటి పక్కన లేపకుండా ఉండలేకపోయాడు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, బొమ్మల్లో అందరూ ముందు చూసేదీ దాన్నే.

ఆ కాలంలోనే ఇంకో మోజు పట్టుకుంది, గోడల మీది పాత పూతలన్నీ గీకేసి రాయిని బయటపెట్టడం. ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం పెట్టింది దీనికి ఎదురు తిరగడానికే. గీకుడు వద్దన్నారు కాబట్టి ఆ సంఘానికి 'యాంటీ స్క్రేప్' అనే ముద్దుపేరు వచ్చింది. ఇది అభిరుచి తగవులా కనిపిస్తుంది గాని విజ్ఞానం మోరిస్ వైపే ఉంది. మధ్యయుగపు ఇళ్లలో చెక్కిన రాయి వీధి ముఖానికే ఎక్కువ, పక్క గోడలు తోచిన రాళ్లతో కట్టి సున్నం పూసినవి. ఆ పూత గోడకు తోలు. వాన దానిమీద పడుతుంది, అరిగేది అదే. తోలు ఒలిచేసి 'అసలైన అందం' అంటూ దీపాలు పెట్టి చూపించే గోడ నిజానికి పచ్చి పుండు.

పూత మరో మేలు కూడా చేసింది. 18వ శతాబ్దంలో ఫ్యాషను మారి, ఇంటివాళ్లు కిటికీల వరుసను రాళ్లతో పూడ్చేసి, మీద పూత పూసి, పొడవాటి చదరపు కిటికీలు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. పాత స్తంభాలు లోపలే భద్రంగా ఉండిపోయాయి. పూడ్చిన రాయి, పాత రాయి ఒకే వేగంతో వేడెక్కవు. అందుకని సాయంత్రం వేళ వేడిని చూసే కెమెరాతో గోడను చూస్తే పూత కింద దాగిన కమాను నీడలా తేలుతుంది. గోడ చెక్కకుండానే లోపల ఏముందో తెలిసే ఉపాయం ఇది.

ఇప్పటి పరీక్ష

బాగుచేసేవాళ్లు ముందు పాత సున్నం ముక్క ఒకటి తీసి ఆమ్లంలో వేస్తారు. సున్నం బుసబుసా కరిగిపోయి ఇసుక అడుగున మిగులుతుంది. ఆ ఇసుక రంగు, గింజ పరిమాణం చూసి అలాంటిదే వెతికి తెస్తారు. పాత సిమెంటును సన్నటి పనిముట్లతో, రాయి అంచు చెదరకుండా తీయాలి. గంటలకొద్దీ పట్టే పని. ఒక్కోచోట సిమెంటు రాయిని ఎంత గట్టిగా కరుచుకుందంటే, తీస్తే రాయి కూడా వస్తుంది. అప్పుడు దాన్ని అలాగే వదిలేయడం మేలు.

కొత్త చిక్కు చలికాలపు ఖర్చుతో వచ్చింది. ఇల్లు వెచ్చగా ఉండాలని గోడ లోపలివైపు ప్లాస్టిక్ నురుగు పలకలు బిగిస్తే, ఇంటి ఆవిరి పలకల వెనక చల్లటి రాయిని తాకి నీరవుతుంది. మళ్లీ అదే కథ, ఈసారి లోపలివైపునుంచి. దీనికి విరుగుడుగా ఫ్రాన్స్‌లో సున్నంలో హెంప్ మొక్క కాడల తునకలు కలిపి పూస్తున్నారు. వెచ్చదనం ఆపుతుంది, ఆవిరిని ఆపదు.

మన దగ్గర ఈ పాఠం హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కళ్లముందే ఉంది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో అక్కడ మొదలుపెట్టిన పునరుద్ధరణలో పెద్ద భాగం, 20వ శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పూయడమే. క్లూనీకీ గోల్కొండకూ చుట్టరికం ఏమీ లేదు, ఉన్నదల్లా సున్నం ఒక్కటే.

మీ ఊళ్లో, మీ ఇంట్లో అలాంటి గోడ ఉంటే, సిమెంటు బస్తా దించకముందు రెండు పనులు చేయండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, గోడ పక్క మట్టి ఎత్తు పెరిగిందేమో చూడండి. చెమ్మ సగం అక్కడే ఆగుతుంది. తర్వాత సందులో గోటితో గీకండి. తెల్లటి పొడి, అందులో మిరియపు గింజంత సున్నపు గడ్డలు కనబడితే అది సున్నపు గోడే. దానికి సిమెంటు పూయనని చెప్పే మేస్త్రీ దొరికేదాకా ఆగండి.